చింపేసిన చివరి అధ్యాయం

మధ్యలో ఎక్కినవాళ్ల కోసం మరోసారి చెబుతున్నాను. ఇరవై నాలుగేళ్లుగా నాకు అలవాటైన పని ఇదే, ఏ మాటైనా రెండుసార్లు చెప్పడం. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో చెప్పే మనిషిని నేను. ఒకసారి చెబితే జనం వినరు. రెండోసారి చెబితే పక్కవాణ్ణి అడుగుతారు.

అలాంటి నేను ఒక నవల రాశాను. మా ఆఫీసులో గడువు తీరిపోయిన టైమ్‌టేబుళ్లు కట్టలు కట్టలుగా పడుంటాయి, వెనకవైపు తెల్లగా. వాటి మీద రాశాను, మూడొందల పైచిలుకు పేజీలు. రాసినన్నాళ్లూ హాయిగానే ఉంది. అచ్చు వేయిద్దాం అనుకున్నాకే మొదలయ్యాయి నా తిప్పలు. ఐదుగురు పబ్లిషర్లకు పంపాను. ఐదుగురూ తిప్పి పంపారు. మొదటాయనైతే "మేము టైమ్‌టేబుళ్లు ప్రచురించము" అని ఒక్క ముక్క రాసి పంపాడు. కాగితం తిరగేసి కూడా చూడలేదు మహానుభావుడు.

ఐదోది తిరిగొచ్చిన రోజు ఇంటినిండా చుట్టాలు. మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, ఆ పార్సిలు చూసి అందరి ముందూ అంది: "పోనీ ఆ టైమ్‌టేబులే అచ్చేయించుకో మరదలా, అదైతే నలుగురూ చూస్తారు." అందరూ నవ్వారు. కోపం వస్తే నేను మనిషిని కాను. చేతికందిన చివరి అధ్యాయం, ఇరవై పేజీలు, అక్కడికక్కడే ముక్కలు ముక్కలుగా చింపి చెత్తబుట్టలో పారేశాను. మిగతాది కూడా చింపేదాన్నే, మా ఆయన లాక్కుని అటకెక్కించారు. ఆ రోజు నుంచి ఏడాదిన్నర, మేడ మీద వదిన, కింద నేను. మధ్యలో మెట్లున్నాయి గానీ మాటల్లేవు.

పోయిన వారం ఒక ఉత్తరం వచ్చింది, నేనెన్నడూ ఏమీ పంపని ఆరో పబ్లిషరు దగ్గర్నుంచి. "మీ నవల చదివాం. మాట్లాడాలి. మంగళవారం పదకొండింటికి రండి." సెలవు పెట్టి వెళ్లాను. మెట్లెక్కి గదిలో అడుగు పెట్టేసరికి బల్ల మీద నా నవల, ముత్యాల్లాంటి అక్షరాలతో టైపు చేసి! నేను జన్మలో టైపు మిషను ముట్టుకున్నదాన్ని కాదు. అక్కడే కదా ఆగాం.

*

"ఇది నేను పంపలేదండీ," అన్నాను.

చూడండి నా తెలివి! ఐదుచోట్ల కాదనిపించుకున్న మనిషిని ఆరోచోట పిలిచి కుర్చీ వేస్తే, నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

బల్ల వెనక ఉన్న ఎడిటరమ్మ తలెత్తింది. నలభై ఏళ్లుంటాయేమో. జలుబు చేసినట్టుంది, చేతిలో రుమాలు. ఇంత పేరున్న సంస్థ కదా, పెద్ద హాలూ అద్దాల తలుపులూ ఉంటాయనుకున్నాను. ఉన్నవి రెండు గదులు. ఇంకా కుట్టని పుస్తకాల కాగితాలు తాళ్లతో కట్టి గోడవారగా నడుమెత్తు పేర్చారు. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఏదో పుస్తకం అట్ట మడిచి సందులో దోపారు. గదంతా జిగురు వాసన.

"నవల మీదేనా?" అంది.

"నాదే. కానీ నేను పంపలేదు. టైపు చేయించనూ లేదు."

"మొదటి పేజీలో ఏముందో చెప్పండి."

పరీక్షన్నమాట. మైకు ముందు కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెట్టి చెప్పాను. "'ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆరూ పదికి రావలసిన బస్సు వస్తుంది. ఎప్పుడొస్తుందో మాత్రం నన్నడగకండి. నాకే తెలిస్తే నేనే ఎక్కి వెళ్లిపోదును.' ఇలా మైకులో అనాలని ఆమెకి పదకొండేళ్లుగా ఉంది. అనలేదు."

పక్క గదిలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఎడిటరమ్మ రుమాలు పక్కన పెట్టింది.

"మీదే," అంది. "మరి ఈ ఉత్తరం ఎవరిది?"

ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా ముందుకు జరిపింది. అర పేజీ ఉత్తరం. అదీ టైపు చేసిందే. ఇలా ఉంది:

"ఎడిటరు గారికి. ఇందుతో జతపరచిన నవల మా తమ్ముడి భార్య రాసినది. పేజీలు 312. కాగితమునకు ఒకవైపే టైపు చేయడమైనది. బస్టాండులో అనౌన్సరుగా పనిచేసే స్త్రీ, రిటైరయ్యేలోగా ఒక్కసారైనా తాను పిలిచిన బస్సెక్కి వెళ్లాలనుకోవడం ఇందలి కథ. తమరు ఇదివరలో ఇటువంటి పనివాళ్ల జీవితాల మీద మూడు నవలలు వేసియున్నారు గనుక తమకు పంపడమైనది. రచయిత్రికి ఈ సంగతి తెలియదు. నచ్చినచో ఆమె పేరున కింది వాటాకు ఉత్తరం రాయగలరు. నచ్చనిచో నా పేరున మేడ మీదికి తిప్పి పంపగలరు. మరొక పార్సిలు తిరిగివచ్చినట్టు ఆమెకు తెలియరాదు."

మా వదిన! రికార్డు ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు నకళ్లు తీసే ఉద్యోగం చేసి రిటైరైంది. జతపరచడమైనది, పంపడమైనది తప్ప ఇంకోలా రాయడం రాదు ఆవిడకి. ఇంట్లో పాలవాడికి చీటీ రాసినా అంతే.

ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనిపించలేదు. ఎడిటరమ్మ మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. అంతకంతకూ నాకు ఏడుపు ఎక్కువైంది. ఎన్నెన్ని మాటలనుకున్నాను ఆవిణ్ణి! మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, తలుపు ధడాలున వేసేదాన్ని.

"ఎవరండీ ఈవిడ?" అంది ఎడిటరమ్మ. "పన్నెండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను, ఇంత మంచి ఉత్తరం చూడలేదు. మొదటిసారి రాసేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి నాలుగు పేజీల ఉత్తరం రాస్తారు."

నేను గ్లాసులోకి చూశాను. నాదీ నాలుగు పేజీలే. అందులో ఐదో తరగతిలో వ్యాసరచన పోటీలో వచ్చిన గ్లాసు సంగతి కూడా ఉంది.

"మేం ఏ పుస్తకాలు వేస్తామో చూడనే చూడరు. వంటల పుస్తకాలవాళ్లకి నవల, నవలలవాళ్లకి లెక్కల గైడు. చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి పంపేసి, పోతే మా ప్రాణం తీస్తారు. పంపిన మూడో రోజే ఫోను. నేనేమో రోజుకి పదిమందివి చదవాలి, ఒక్కొక్కరివి మొదటి పది పేజీలు. ఆ పది పేజీలూ నన్ను పట్టుకోవాలి." ఆవిడ తుమ్మి, ముక్కు తుడుచుకుని మళ్లీ అందుకుంది. "మీది బస్సులో తీశాను, పది పేజీలు చూసి పక్కన పెడదామని. మా స్టాపు దాటి రెండు స్టాపుల అవతల దిగాను. కండక్టరు తిట్టాడు కూడా."

నా నవల చదువుతూ ఒక మనిషి స్టాపు మర్చిపోయింది. నాకింకేం కావాలండీ? ఆ క్షణంలో ఆవిడ పుస్తకం వెయ్యను పొమ్మన్నా నవ్వుకుంటూ ఇంటికెళ్లేదాన్ని.

"అందులోనూ పదకొండో అధ్యాయం," అంది ఆవిడ. "తాళాలత్త. అబ్బ, ఎంత నవ్వుకున్నామో ఇక్కడ! నడుముకి తాళాలగుత్తి, చెంచాలు లెక్కపెట్టడం, చక్కెర డబ్బాకి కూడా తాళం. ఆ అత్త వస్తుంటే పిల్లలు గుత్తి చప్పుడు విని పారిపోవడం. పుస్తకానికి ప్రాణమే అది."

నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే తాళాలత్త మా వదినే. గుత్తి ఆవిడదే, చక్కెర డబ్బా ఆవిడదే, గుత్తి చప్పుడుకి పారిపోయింది మా పిల్లలే. పేరొక్కటి లేదు గానీ మా చుట్టాల్లో ఎవరు చదివినా ఇట్టే పట్టేస్తారు. అంటే ఆ మనిషి, అక్షరం అక్షరం చూస్తూ, తనని నేను ఆడిపోసుకున్న పద్దెనిమిది పేజీలూ తన చేత్తోనే టైపు చేసిందన్నమాట! ఆ పైన భద్రంగా కవర్లో పెట్టి, ఉత్తరం రాసి పంపింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఆ అధ్యాయం తీసెయ్యొచ్చాండీ?" అన్నాను.

"తీసేస్తే మిగిలేది టైమ్‌టేబులే," అంది ఎడిటరమ్మ నిక్కచ్చిగా. పాపం, ఆవిడకేం తెలుసు ఆ మాటతో మా ఇంట్లో ఏం జరిగిందో. "సరే, అసలు సంగతికొద్దాం. మీ నవల అర్ధాంతరంగా ఆగిపోయింది. ఆమె చేతిలో టికెట్టు, బస్సు ప్లాట్‌ఫారం మీద, మూడొందల పన్నెండో పేజీ అయిపోయింది. ఎక్కిందా? లేదా? చివరి అధ్యాయం ఏది?"

నేను గ్లాసెత్తి అడుగున మిగిలిన నీళ్లు తాగేశాను.

"చూడండి, ఉన్నమాట చెబుతాను. కొత్తవాళ్ల పుస్తకం మేం ఏడాదికి ఒక్కటే వెయ్యగలం. శుక్రవారం మా మీటింగు. వడపోతలో రెండు మిగిలాయి, మీదొకటి, ఇంకొకరిదొకటి. ఆ ఇంకొకరిది పూర్తిగా ఉంది. మీది ముగింపు లేకుండా నేను వాళ్ల ముందు పెట్టలేను. కొత్తగా రాస్తానన్నా ఒప్పుకోరు, చదివి చూస్తే గానీ మాటివ్వరు. చివరి అధ్యాయం ఇంట్లో ఉందిగా?"

నిజం చెప్పాల్సింది. చింపేశానండీ, కోపమొచ్చి చెత్తబుట్టలో వేశానండీ అనాల్సింది. కానీ నా నోరుంది చూశారూ, బస్సు ఎక్కడుందో తెలియకపోయినా "మరికొద్ది సేపట్లో రానున్నది" అని చెప్పడానికి అలవాటుపడిన నోరది.

"ఉందండీ," అన్నాను.

"అయితే శుక్రవారం పొద్దున్నే తెచ్చెయ్యండి." ఆవిడ లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ వదినగారికి నా తరఫున కూడా దండం పెట్టండి."

*

ఇల్లు చేరేసరికి రెండు దాటింది. మా ఆయన డిపోలో టైర్ల సెక్షన్లో ఉంటారు, ఐదు దాటితే గానీ రారు. కింద చెప్పులు విడిచి, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి మేడ మెట్లెక్కాను. పద్నాలుగు మెట్లు. పదో మెట్టు మీద కాసేపు కూర్చుండిపోయాను. ఏమని మొదలుపెట్టను? చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం నేను, పుట్టుకతోనే.

తలుపు తీసే ఉంది. వదిన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. బల్ల మీద పాత టైపు మిషను, దాని మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. నడుముకి గుత్తి.

"ఏమన్నారు?" అంది. ఏడాదిన్నరగా మాటల్లేని మనిషి, పొద్దున కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది.

అంతే, నా వల్ల కాలేదు. వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూలబడి బావురుమన్నాను. "వదినా, నేను మనిషిని కాదు వదినా."

"ఆ సంగతి పదకొండో అధ్యాయంలోనే తెలిసింది," అంది.

ఏడుస్తున్నదాన్ని కాస్తా తలెత్తాను. మూతి బిగించింది గానీ కళ్లు నవ్వుతున్నాయి.

"చదివారా?"

"చదవకుండా ఎలా కొడతానే? రెండుసార్లు కొట్టాను ఆ అధ్యాయం. మొదటిసారి కోపంలో అన్నీ తప్పులే పడ్డాయి. చింపి పారేద్దామనుకున్నాను. ఈ ఇంట్లో చింపేవాళ్లు ఒకరు చాల్లే అని ఊరుకున్నాను. మర్నాడు మళ్లీ కూర్చున్నాను."

"ఒక్క మాటైనా మార్చెయ్యాల్సింది వదినా. మీ చేతిలోనే ఉందిగా."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని నా వైపు చూసింది, నేనేదో అసభ్యమైన మాట అన్నట్టు. "నకలు తీసేవాళ్లం మాట మార్చం. ముప్ఫై రెండేళ్లలో ఒక్క అక్షరం మార్చలేదు. ఎంతమంది వీలునామాలు, ఎంతమంది దస్తావేజులు! తప్పుంటే తప్పే కొట్టాలి. చూసింది చూసినట్టు." ఆగి, గొంతు తగ్గించి అంది, "అయినా ఆ చక్కెర డబ్బా సంగతి నిజమేగా. మీ పెద్దాడు అప్పట్లో పిడికిళ్లతో బుక్కేవాడు, పళ్లు పుచ్చిపోతాయని తాళమేశాను. అది రాయలేదు నువ్వు."

"నాకు తెలియదు వదినా."

"అడిగితేగా."

ఆవిడ పాదాల మీద చెయ్యి వేసి కూర్చున్నాను, తీసెయ్యమనలేదు. నాకున్నదల్లా కృతజ్ఞతే, కానీ దాన్ని చెప్పే మాట నా దగ్గర లేదు. మైకు ముందు రోజుకి ఎనిమిది గంటలు వాగే మనిషిని, "థాంక్స్" అంటే మరీ కండక్టరుతో అన్నట్టుంటుందని ఊరుకున్నాను.

"ఎందుకు చేశారు వదినా ఇదంతా?"

"ఆ రోజు ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. నలుగురూ నవ్వుతారని అన్నాను. నవ్వారు కూడా. నీ మొహం చూశాక వారం రోజులు నాకు అన్నం సయించలేదు. క్షమించమని అడుగుదామంటే మాటల్లేవాయె. నాకు వచ్చిన పని ఒకటే ఉంది, అది చేశాను." వేళ్లు చాపి చూసుకుంది. "నువ్వు డ్యూటీకి వెళ్లగానే మొదలు. నువ్వొచ్చే బస్సు మలుపు తిరిగిన చప్పుడు వినిపించగానే ఆపు. ఏడు నెలలు పట్టింది. అటక మీంచి తెచ్చిచ్చిందీ, సాయంత్రాలు సరిచూసిందీ మావాడే."

"ఎవరు? మా ఆయనా?"

"నకలు తీశాక సరిచూడాలంటే ఇద్దరుండాలి. ఒకరు అసలు ప్రతి బిగ్గరగా చదవాలి, ఒకరు నకలు చూసుకోవాలి. వాడు చదివాడు. మూడొందల పన్నెండు పేజీలూ, కామాలతో సహా."

మా ఆయన సంగతి మీకు తెలియదు. ఆయన నోటి వెంట రోజుకి పది మాటలొస్తే ఆ రోజు మాకు విశేషం. నవల రాస్తున్నానంటే "ఊఁ" అన్నారు, పూర్తయిందంటే "ఊఁ" అన్నారు. సాయంత్రాలు "అక్క దగ్గరికెళ్లొస్తా" అని పైకెళ్లేవారు, అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నన్ను ఆడిపోసుకుంటున్నారని కింద పళ్లు నూరుకునేదాన్ని. ఆ మనిషి పైన కూర్చుని నా మాటలు బిగ్గరగా చదువుతున్నాడని కలలో కూడా అనుకోలేదు. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని మళ్లీ ఏడ్చాను, ఈసారి సుఖంగా.

ఏడుస్తూనే ఉండగా అసలు సంగతి గుర్తొచ్చింది.

"అంతా వృథా చేశాను వదినా. చివరి అధ్యాయం కావాలన్నారు. శుక్రవారం లోపు ఇవ్వకపోతే ఆ ఒక్క పుస్తకం ఇంకొకరిది వేస్తారు. ఇంట్లో ఉందని అబద్ధమాడి వచ్చాను. మళ్లీ రాయడం నా వల్ల కాదు. ఎన్నిసార్లు కూర్చున్నానో, ఒక్క ముక్క గుర్తు రాదు."

వదిన లేచింది. నడుము దగ్గర గుత్తి గలగల్లాడింది. గోడలో ఉన్న బీరువా దగ్గరికెళ్లి, గుత్తిలో అన్నిటికంటే చిన్న తాళంచెవి వెతికి పట్టుకుంది.

"నువ్వే రాశావుగా, తాళాలత్త ఏ వస్తువైనా దాచేస్తుందని," అంది వెనక్కి తిరక్కుండానే. "దాచాను."

బీరువాలోంచి ఒక అట్టపెట్టె తీసి నా ఒళ్లో పెట్టింది. మూత తీశాను. నా టైమ్‌టేబుళ్లు. కాదు, టైమ్‌టేబుళ్ల ముక్కలు. గోరంత గోరంత ముక్కలు, ఒక్కొక్కటీ దాని చోటు వెతికి, పల్చటి జిగురుతో తెల్ల కాగితాల మీద అతికించినవి. అక్కడక్కడా కూర మరక. నా దస్తూరి, విరిగి అతుక్కున్న పళ్లెంలాగా, గీతలతో.

"ఆ రోజు చెత్తబుట్ట తీసుకెళ్లి పారేసి వస్తానని వెళ్లానుగా. పారెయ్యలేదు. ఇక్కడికి తెచ్చి నేల మీద కుమ్మరించాను. వెనకున్న టైమ్‌టేబులు నాకు సాయపడింది. ముందు బస్సుల వేళలు కలుపుకుంటూ పోతే, తిరగేసేసరికి నీ కథ కలిసేది. నువ్వు తెల్ల కాగితం మీద రాసుంటే నా వల్ల అయ్యేది కాదు."

నన్ను ఊరంతటికీ నవ్వులపాలు చేసిందనుకున్న ఆ టైమ్‌టేబులు!

"మరి దీన్ని కూడా టైపు చేసి పంపెయ్యాల్సింది కదా వదినా?"

"అన్ని ముక్కలూ దొరకలేదు. పదిహేడు చోట్ల ఖాళీలున్నాయి. ఎక్కడెక్కడ ఎన్ని మాటలు పోయాయో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను చూడు. కొన్నిచోట్ల ఏ మాటో నాకు తెలుసు, చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. కానీ కనపడని మాట నకలులో రాయకూడదు. అవి నీవి, నువ్వే పూరించుకోవాలి." కుర్చీలో కూర్చుని మిషను మీది తువ్వాలు తీసి మడత పెట్టింది. "నువ్వు చెబుతూ ఉండు, నేను కొడతాను. ఈ రోజు మంగళవారం. శుక్రవారానికి అయిపోతుంది."

నేను పేజీలు తిప్పాను. మొదటి ఖాళీ దగ్గర ఏ మాట ఉండాలో చూడగానే వచ్చేసింది. రెండోదీ వచ్చింది. మూడోది ఇద్దరం కలిసి ఆలోచించాం, ఆవిడ పెదవి కదిపి నాకు అందిద్దామనుకుని నియమం గుర్తొచ్చి నోరు మూసుకోవడం చూసి పకపకా నవ్వాను. మిషను టకటకలాడుతుంటే ఆ గదిలో కూర్చోవడం ఎంత బాగుందో చెప్పలేను. పాతికేళ్లకు దగ్గరపడుతోంది నేను ఈ ఇంటికొచ్చి. ఇంత నెమ్మదిగా ఇక్కడ ఎప్పుడూ కూర్చోలేదు.

ఆవిడ మొదటి పేజీలు కొడుతుండగానే నేను ముందుకెళ్లిపోయి మిగతా ఖాళీలు పెన్సిలుతో పూరించుకున్నాను. పదిహేను, పదహారు, పదిహేడు. ఖాళీలు అయిపోయాయి. పందొమ్మిదో పేజీ చివర నా కథలో ఆమె బస్సు మెట్టు మీద కుడికాలు పెట్టింది. పేజీ తిప్పాను. పెట్టె అడుగు కనిపించింది.

"వదినా, ఇరవై ఉండాలి."

మిషను ఆగింది. "ఉండాలి."

"ఆఖరిది దొరకలేదా?"

"దొరికింది. ఆ పేజీ మాత్రం సగానికి ఒక్కసారే చింపావు, రెండే రెండు ముక్కలు. ముక్కలన్నీ అతికించడం అయ్యాక వాడికే ఇచ్చాను చదవమని. ఎప్పుడూ గడగడా చదివేవాడు, దాన్ని మాత్రం పైకి చదవలేదు. మనసులోనే చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అడిగితే 'రేపిస్తానక్కా' అన్నాడు. రెండు నెలలైంది."

అప్పుడే కింద గేటు తీసిన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు, ఒక్కొక్కటీ తీరిగ్గా. గుమ్మంలో మా ఆయన, చేతులకింకా టైర్ల మసి. కింద ఇంట్లో నేను కనిపించక పైకొచ్చారు కాబోలు. నన్ను చూశారు, నా ఒళ్లో పెట్టె చూశారు, తువ్వాలు తీసిన మిషను చూశారు. సంగతి అర్థమైపోయింది.

"ఏమండీ," అన్నాను. "ఆఖరి పేజీ మీ దగ్గరుందట."

"ఊఁ."

"ఇవ్వండి. పుస్తకం వేస్తారట."

ఆయన మొహం వెలిగింది. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. తియ్యలేదు.

"ఇస్తాను," అన్నారు. "కోప్పడనంటే ఇస్తాను."

"ఎందుకు కోప్పడతాను? మీరు దాచబట్టేగా మిగిలింది!"

ఆయన అక్క వైపు చూశారు, నా వైపు చూశారు. పెళ్లయ్యాక ఆయన ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినడం ఇదే మొదటిసారి.

"ఆ పేజీ అడుగున సగం ఖాళీ ఉంది. ఆమె బస్సెక్కి వెళ్లిపోయాక, ప్లాట్‌ఫారం మీద ఒక్కడే నిలబడిపోయాడే, మొగుడు... వాడు ఏమనుకున్నాడో నువ్వు రాయలేదు. అందుకని కింద నేనూ నాలుగు ముక్కలు రాశాను."

"అసలు ప్రతి మీద చెయ్యి పెట్టావట్రా!" వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది.

నేను చెయ్యి చాపాను. మా ఆయన జేబులోంచి మడతపడిన ఆ కాగితం తీసి, మసి అంటకుండా రెండు వేళ్ల కొసలతో పట్టుకుని, నా చేతిలో పెట్టారు.